రెండంతస్తుల సబ్జా మొక్క

మా ఊరి మునిసిపల్ కమిషనర్‌గారు ఏదో శిక్షణ కోసం చల్లటి కొండ ప్రాంతానికి వెళ్లి, అక్కడి భోజనంలో సూపు మీద తేలుతున్న పచ్చటి ఆకును నమిలి, దాని పేరు బేసిల్ అని తెలుసుకుని తిరిగొచ్చారు. ఆ తర్వాత ఊరికి పట్టిన దశంతటికీ ఆ ఆకే మూలం.

వస్తూనే అన్ని విభాగాల అధికారులనూ సమావేశపరిచారు. పట్టణ పౌరుడిలో సహనం, శుభ్రత, ప్రకృతి పట్ల బాధ్యత కొరవడుతున్నాయనీ, వీటన్నిటినీ ఒక్క విత్తనంతో సాధించవచ్చనీ వివరించారు. నర్సరీలో కొన్న మొక్క పనికిరాదట. పక్కింటివాళ్లని అడిగి తెచ్చుకున్న కొమ్మ అసలే పనికిరాదట. విత్తనం నుంచే పెంచాలి.

"మొలకెత్తడాన్ని కళ్లారా చూసిన పౌరుడు జీవితంలో పన్ను ఎగ్గొట్టడు" అన్నారు కమిషనర్‌గారు.

ఎందుకని ఎవరూ అడగలేదు. పథకానికి 'విత్తు నుంచి వికాసం' అని పేరు పెట్టారు. మునిసిపాలిటీ నుంచి ఏ అనుమతి కావాలన్నా, పెరట్లో విత్తనం నుంచి పెంచిన బేసిల్ ఉన్నట్టు ముందుగా రుజువు కావాలని ఉత్తర్వు వెలువడింది.

బేసిల్ అంటే ఏమిటో మొదట ఎవరికీ బోధపడలేదు. బజారులో వాకబు చేస్తే, ఎండాకాలం షర్బత్తులో నానేసుకుని తాగే నల్లటి సబ్జా గింజలున్నాయే, అవి ఆ మొక్కవేనని తేలింది. ప్రారంభోత్సవం నాడు ఎండ మాడ్చేస్తోంది. పంచడానికి తెప్పించిన బస్తాలోంచి సగం గింజలు అతిథుల షర్బత్తులోకి వెళ్లిపోయాయి. మిగతా సగం పొట్లాలు కట్టి జనానికి ఇచ్చారు. అతిథుల కడుపులోకి వెళ్లినవాటిని కూడా 'క్షేత్రస్థాయిలో పంపిణీ' కిందే చూపించారు.

ఇక అమలు ఎవరు చేయాలన్న ప్రశ్న వచ్చింది. తోటల విభాగంలో ఉన్న ఒక్క ఉద్యోగమూ ఏళ్ల తరబడి ఖాళీ. అప్పుడు పట్టణ ప్రణాళికాధికారి చిదంబరేశ్వరరావుగారు లేచి నిలబడ్డారు.

"పట్టణ పరిధిలో నేల మట్టం నుంచి పైకి లేచే ప్రతిదీ నిర్మాణమే సార్. నిర్మాణమన్నాక అది మా విభాగానిదే."

ఆ నిర్వచనం కమిషనర్‌గారికి చాలా నచ్చింది. ఆ రకంగా సబ్జా మొక్క భవన నిర్మాణ నిబంధనల కిందికి వచ్చింది.

కాలువ గట్టు వీధిలో హైమవతిగారని ఒకావిడ ఉంటారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. ఆమెకున్న ఒకే ఒక్క తోబుట్టువు భ్రమరాంబగారు, భర్త పోయాక వేరే ఊళ్లో మేడ మీద గదిలో అద్దెకుండేవారు. రెండు మోకాళ్లకూ ఆపరేషను జరిగాక ఆవిడకి మెట్లెక్కడం కుదరని పనైపోయింది. హైమవతిగారి ఇంట్లో ఉందామంటే, కాలువ పొంగుతుందన్న భయంతో ఎప్పుడో ఎత్తరుగుల మీద కట్టిన ఇల్లది. ఎక్కాలంటే మళ్లీ మెట్లే.

అందుకని హైమవతిగారు పెరట్లో నేలకు సమంగా అక్క కోసం ఒక గది కట్టించారు. పక్కనే స్నానాలగది, పట్టుకుని నడవడానికి గోడ పొడుగునా గొట్టం. అన్నీ ప్లాను ప్రకారమే. భ్రమరాంబగారు మాఘమాసంలో వచ్చి అందులో దిగారు. గదికి ఒక్కటే లోటు, కరెంటు లేదు. గదిలో ఉండవచ్చని మునిసిపాలిటీ సర్టిఫికెట్టు ఇస్తే తప్ప కరెంటువాళ్లు మీటరు పెట్టరు. ఇంట్లోంచి వైరు లాగితే ఉన్న మీటరు కూడా పీకేస్తామన్నారు.

హైమవతిగారు ఆఫీసుకు వెళ్లారు. చిదంబరేశ్వరరావుగారు కాగితాలు మర్యాదగానే చూశారు.

"గది ప్లాను ప్రకారమే ఉందమ్మా. ఏ అభ్యంతరమూ లేదు."

"అయితే సర్టిఫికెట్టు ఇస్తారాండి?"

"బేసిల్ ఏదమ్మా?"

"పొట్లం తెచ్చుకున్నానండి. సాయంత్రం చల్లేస్తాను."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "చల్లేస్తారా? ప్లాను లేకుండానే?"

మొక్కకు నాలుగు వైపులా వదిలే ఖాళీ, మొత్తం ఎత్తు, పునాది లోతు, వాన నీళ్లు పోయే దారి, ఇవన్నీ చూపిస్తూ లైసెన్సున్న మనిషి చేత నక్షా గీయించి తీసుకురావాలట.

"పునాది ఎంత లోతని రాయించమంటారు?" అని అడిగారు హైమవతిగారు.

"మీది కాలువ గట్టు. మెత్తటి నేల. కనీసం నడుము లోతు ఉండాలి."

"సబ్జా గింజని నడుము లోతున పూడిస్తే మొలుస్తుందాండి?"

"మొలవడం మీ బాధ్యతమ్మా. పునాది మా బాధ్యత. ఒకరి బాధ్యతలో ఒకరు వేలు పెట్టకూడదు."

హైమవతిగారు వాదించలేదు. జీవితమంతా అవతలివాళ్లు చెప్పేది విని, కలపమన్న నంబరు కలిపిన మనిషి. నక్షా గీయించారు, మనిషిని పెట్టి గొయ్యి తీయించారు. సర్వేయరు నూకరాజు టేపుతో లోతు కొలిచి, సరేనన్నాక, అడుగున గింజలు వేసి మట్టి కప్పారు. భ్రమరాంబగారు గది గుమ్మంలో కుర్చీ వేసుకుని ఇదంతా చూశారు.

"ఏమేవ్ హైమా, విత్తనం వేశావా, పాతరేశావా?"

"నువ్వు ఊరుకో అక్కా. వాళ్లు చెప్పినట్టు చేస్తే పోయేదేముంది?"

పోయింది. గింజలు పోయాయి. ఎన్నాళ్లు నీళ్లు పోసినా ఆ గొయ్యి మీద గడ్డిపోచ లేవలేదు. ఇలా కాదని భ్రమరాంబగారే చెల్లెలి చేత పొట్లంలో మిగిలిన గింజలు తెప్పించారు. అదే చోట పైమట్టి గుల్ల చేయించి, తడిపించి, గింజలు పైపైన చల్లించి, వాటి మీద చిటికెడు మట్టి దులిపించారు. నీళ్లు తగలగానే ఒక్కో గింజ చుట్టూ తెల్లటి జిగురు పొర పొంగింది. కొద్దిరోజులకే జంట ఆకులు బయటికొచ్చాయి. అన్నిటిలో బలమైన మొలకను ఉంచి తక్కినవి తీసేశారు.

చిదంబరేశ్వరరావుగారు ఆ మొలక నడుము లోతు పునాదిలోంచే వచ్చిందని నమ్మారు. విభాగం సాధించిన సాంకేతిక విజయంగా పైకి రాసి పంపారు కూడా. అక్కచెల్లెళ్లు నోరు మెదపలేదు.

మొక్క పెరగసాగింది. కొత్త ఆకులు జతలు జతలుగా రావడం దాని పద్ధతి. నూకరాజు తనిఖీకి వచ్చి, గొంతుక్కూర్చుని, వేలితో ఒక్కో జతా చూపించాడు.

"ఈ కింది జత గ్రౌండ్‌ఫ్లోరండి. ఆ పైది ఫస్టు ఫ్లోరు. ఇదుగో ఇది సెకండు. మరి ఈ నెత్తి మీద సన్నగా లేత్తంది సూశారా, ఇది థర్డు ఫ్లోరండి. మీకిచ్చింది రెండంతస్తుల పర్మిషనే కదండీ?"

"మూడోది నేను కట్టలేదు నాయనా. అదే పెరిగింది."

"నాకు తెలుసండి. నే రాసేది నే రాయాలి కదండీ."

మర్నాడే నోటీసు వచ్చింది. 'సదరు మొక్క అనుమతించబడిన రెండు అంతస్తులకు అదనంగా మూడవ అంతస్తును నిర్మించుచున్నట్లు మా దృష్టికి వచ్చినందున, తగు సంజాయిషీ ఇవ్వవలెను' అని ఉంది అందులో. నోటీసును నిర్మాణానికే అంటించాలన్నది నియమం. కాగితం మొక్కకన్నా పెద్దది. అంటించగానే మొక్క నేలకు వాలిపోయింది. అప్పుడు నూకరాజే ఒక పుల్ల గుచ్చి, మొక్కనీ నోటీసునీ కలిపి దారంతో కట్టి, నిలబెట్టి వెళ్లాడు.

హైమవతిగారు సంజాయిషీ చెప్పడానికి ఆఫీసుకు వెళ్లారు. "అది దానంతటదే పెరిగిందండి" అన్నారు.

చిదంబరేశ్వరరావుగారు నవ్వారు. "పాతికేళ్లుగా ఈ కుర్చీలో వింటున్న మాటే అమ్మా. ఈ ఊళ్లో ఏ మేడనైనా అడగండి, దానంతటదే పెరిగానని చెబుతుంది."

ఈలోగా ఎండలు ముదిరాయి. కొత్త గది పైకప్పు పొద్దుట నుంచీ వేడి పీల్చుకుని మధ్యాహ్నానికల్లా పెనంలా తయారయ్యేది. భ్రమరాంబగారు తడిగుడ్డ మెడకు చుట్టుకుని, విసనకర్రతో విసురుకుంటూ కూర్చునేవారు. చేయి నొప్పి పుడితే రెండో చేతిలోకి మార్చుకునేవారు. చెల్లెలు వచ్చి విసరబోతే కసిరేవారు.

"నా కోసం గది కట్టి, ఇప్పుడు నా పక్కన కూర్చుని విసురుతావా? వెళ్లి ఇంట్లో ఫ్యాను కింద పడుకో."

హైమవతిగారు వెళ్లేవారు కాదు.

కూల్చివేతకు ముహూర్తం కుదిరింది. పొద్దున్నే వీధి చివర బుల్‌డోజరు ఆగింది. ఆ వెనకే ఇద్దరు కానిస్టేబుళ్లు, జీపులో చిదంబరేశ్వరరావుగారు. బుల్‌డోజరు సందులో పట్టలేదు. అయినా ఇంజను ఆపకుండా ఉంచారు. యంత్రం చప్పుడు వినిపిస్తే కూల్చివేతకు గౌరవంగా ఉంటుందని. వీధి వీధంతా గోడలెక్కి చూస్తోంది. చిదంబరేశ్వరరావుగారు ఉత్తర్వు బిగ్గరగా చదివారు. కానిస్టేబుళ్లు మొక్కకు చెరోవైపు నిలబడ్డారు. నూకరాజు వంగి బొటనవేలూ చూపుడువేలూ కలిపి మొక్క తల తుంచాడు.

"శిథిలాలు యజమానే సొంతంగా తరలించుకోవాలి" అన్నారు చిదంబరేశ్వరరావుగారు.

"ఇటియ్యి నాయనా" అని భ్రమరాంబగారు గుమ్మంలోంచి చేయి చాపారు. "పకోడీ పిండిలో వేయిస్తాను. ఎండనపడి వచ్చారు, తిని వెళ్లండి."

పకోడీలు ఉద్యోగులందరికీ నచ్చాయి. చిదంబరేశ్వరరావుగారు ప్లేటు ఖాళీ చేసి, చేయి తుడుచుకుని, 'శిథిలాల తొలగింపు సంతృప్తికరం' అని రాసి సంతకం పెట్టారు.

అయితే సబ్జా మొక్క తల తుంచితే ఆగే రకం కాదు. తుంచిన చోటికి కిందనున్న ఆకుల జతలోంచి రెండు కొమ్మలు బయల్దేరాయి. రెండూ మూడో అంతస్తు దాటాయి. మళ్లీ నోటీసు, మళ్లీ జీపు, మళ్లీ కూల్చివేత. రెండు తలలూ తుంచితే నాలుగు లేచాయి. నాలుగూ తుంచితే మొక్క గుబురుగా అయిపోయి, గాలి వీస్తే పెరడంతా ఘుమఘుమలాడింది.

చిదంబరేశ్వరరావుగారు ఉద్యోగ జీవితంలో ఇటువంటి మొండి కట్టడాన్ని చూడలేదు. "ఇది విభాగాన్ని సవాలు చేయడమే. ఎంత కూలిస్తే అంతకు రెట్టింపు కడుతున్నారు!" అని మండిపడ్డారు.

ఊరంతా ఇదే వరస. ప్రతి పెరట్లోనూ మూడో అంతస్తు లేస్తోంది, ప్రతి పెరట్లోనూ తుంచాలి. సిబ్బంది మొత్తం పొద్దుట నుంచి సాయంత్రం దాకా గుమ్మం గుమ్మం తిరిగి చిగుళ్లు గిల్లుతున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే పెద్ద బజారులో, మురుగుకాలువను పూడ్చి, ఎవరో ఒక వ్యాపార సముదాయం మొదలుపెట్టారు. దానికి ప్లానూ లేదు, పునాది కొలిచినవాడూ లేడు. అది చూస్తుండగానే అయిదంతస్తులు లేచింది. జనం ఫిర్యాదు చేస్తే, బేసిల్ పని పూర్తయ్యేదాకా ఇతర పనులకు సిబ్బంది లేరని సమాధానం వచ్చింది.

హైమవతిగారి మొక్క పూత మొదలెట్టింది. తెల్లటి చిన్నచిన్న పూలకు తేనెటీగలు రాసాగాయి. నూకరాజు చెబితే చిదంబరేశ్వరరావుగారు స్వయంగా వచ్చి చూసి నిర్ఘాంతపోయారు.

"సర్టిఫికెట్టు రాకుండానే కాపురాలు పెట్టించారా అమ్మా?"

"ఎవరిని పెట్టించానండీ?"

"అవిగో, వస్తున్నారు, పోతున్నారు. కొందరు లోపలే ఉన్నారు. నూకరాజూ, ఖాళీ చేయించు."

నూకరాజు వెనకాడుతూనే చేయి చాపాడు. ఆ సాయంత్రం అతని పై పెదవి బూరెలా వాచింది. భ్రమరాంబగారు పిలిచి సున్నం రాసి పంపారు.

రోహిణీకార్తెలో ఒక మిట్టమధ్యాహ్నం భ్రమరాంబగారి చేతిలో విసనకర్ర జారిపోయింది. మెడ వాలిపోయింది. హైమవతిగారు పిలిస్తే పలకలేదు. ముఖాన నీళ్లు కొట్టి, పక్కింటివాళ్ల సాయంతో ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళితే, వడదెబ్బ అన్నాడు. సెలైను పెట్టి, "వీరిని ఇంకా ఆ గదిలోనే ఉంచితే ఈసారి నేనేమీ చెప్పలేనమ్మా" అన్నాడు.

ఇన్నాళ్లూ ఓర్చుకున్నది ఎవరి కోసమో, ఆ మనిషే పోతే ఇక నోటీసులకు జవాబు చెప్పుకుంటూ ఒంటరిగా మిగిలేది తానేనని హైమవతిగారికి అప్పుడు తట్టింది. ఏడుపు రాలేదు. విపరీతమైన కోపం వచ్చింది.

సెలైను అయ్యాక ఆటోను ఇంటికి పోనివ్వలేదు. సరాసరి మునిసిపల్ ఆఫీసుకు పోనిమ్మన్నారు. వరండాలోని కుర్చీలో అక్కను ప్యూన్ల చేత మోయించి, చిదంబరేశ్వరరావుగారి గదిలో, ఆయన ఫ్యాను కింద కూర్చోబెట్టారు. పక్కన మరచెంబు, తువ్వాలు పెట్టారు.

"ఏమిటమ్మా ఇది?"

"మా అక్కండి. గదికి కరెంటు వచ్చేదాకా ఇక్కడే ఉంటుంది. మీ పనికి అడ్డం రాదు. పడుకున్నప్పుడు కొంచెం గురక పెడుతుంది, అంతే."

"ఇది ప్రభుత్వ కార్యాలయమమ్మా! ఇక్కడ నివాసం ఉండకూడదు."

"అవునండీ. ఎక్కడా ఉండకూడదంటున్నారు కదా, అందుకే అందర్లోకీ చల్లగా ఉన్న చోటికి తీసుకొచ్చాను."

భ్రమరాంబగారు అప్పటికే ఆ గాలికి కళ్లు మూసుకున్నారు. మధ్యలో ఒక్కసారి తెరిచి, "పకోడీలు తిన్న బాబేనా?" అని అడిగి మళ్లీ మూసుకున్నారు.

చిదంబరేశ్వరరావుగారు చెమటలు తుడుచుకున్నారు. ఆయనకు ఆ రోజు వేరే సంకటం కూడా ఉంది. పథకం మీద సమీక్ష దగ్గర పడింది. ఊరంతా నోటీసులూ కూల్చివేతలే తప్ప, రుజువైన బేసిల్ ఒక్కటంటే ఒక్కటి లేదు. ఉన్నవాటిలో ఎండకు మాడిపోకుండా ఇంకా బతికి బట్టకట్టింది ఈవిడ మొక్కే. కాసేపు ఫైలు తిప్పి, తల పట్టుకున్నారు. అకస్మాత్తుగా ఆయన ముఖం వికసించింది.

"మొక్కను బహుళ నివాస సముదాయంగా క్రమబద్ధీకరించవచ్చమ్మా. నివాసితులు ఎలాగూ ఉన్నారు. దానికి డోరు నంబరిచ్చి, ముందు దానికి సర్టిఫికెట్టు ఇస్తాం."

"మరి గదికండీ?"

"ప్రధాన నిర్మాణానికి సర్టిఫికెట్టు వచ్చాక, అదే ఆవరణలో ఉన్న చిన్నాచితకా కట్టడాలు అనుబంధ నిర్మాణాలవుతాయి. మీ గది ఆ మొక్కకు అవుట్‌హౌసు."

హైమవతిగారు పెన్ను అందుకుని, "సంతకం ఎక్కడ పెట్టమంటారు?" అన్నారు.

మర్నాటి సాయంత్రానికల్లా కరెంటువాళ్లు వచ్చి, ప్రధాన నిర్మాణం దగ్గరే ఉండాలి కాబట్టి మొక్క పక్కన స్తంభం పాతి మీటరు బిగించారు. మీటరు 'బేసిల్, కేరాఫ్ హైమవతి' పేరున ఉంది. వైరు లోపలికి లాగారు. ఫ్యాను తిరిగింది. భ్రమరాంబగారు దాని కింద కూర్చున్నారు. నెరిసిన ముంగురులు గాలికి ఎగురుతుంటే సర్దుకోలేదు.

"ఏమేవ్ హైమా, ఈ వయసులో మొక్క పంచన బతికే యోగం పట్టింది నాకు" అన్నారు. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే హైమవతిగారు కళ్లొత్తుకున్నారు.

కానీ మొక్క విషయంలో భ్రమరాంబగారికి దిగులు పట్టుకుంది. పూలకంకులు ఎప్పటికప్పుడు తుంచకపోతే సబ్జా గింజ కట్టేసి ఎండిపోతుంది. ఇప్పుడు తుంచుదామంటే సర్టిఫికెట్టు వచ్చిన కట్టడం. హైమవతిగారు ఆఫీసుకు వెళ్లి అనుమతి అడిగారు.

"పూలకంకులు బాల్కనీల కిందికి వస్తాయమ్మా. ఆమోదం పొందాక ఏ మార్పూ చేయకూడదు" అన్నారు చిదంబరేశ్వరరావుగారు. ఇన్నాళ్లూ చిగురు కనిపిస్తే బుల్‌డోజరు పంపిన ఆయనే, మొక్కని ఎవరూ ముట్టుకోకూడదంటూ బోర్డు రాయించి పాతించారు.

ఎవరూ ముట్టుకోలేదు. మొక్క గింజ కట్టింది. ఆకులు పసుపుబారాయి, రాలాయి. చివరికి పుల్లలు మిగిలాయి. సరిగ్గా అప్పుడు, ఊళ్లో మొట్టమొదటి బేసిల్‌ను స్వయంగా దర్శించి, విలేకరుల సమక్షంలో ఒక ఆకు రుచి చూడటానికి కమిషనర్‌గారు వస్తున్నట్టు కబురొచ్చింది.

తెల్లవారుతూనే చిదంబరేశ్వరరావుగారు పరుగెత్తుకొచ్చారు. ఎండు పుల్లలను చూసి అక్కడే కూలబడ్డారు.

"అమ్మా, ప్రధాన నిర్మాణం కూలిపోతే అనుబంధ నిర్మాణం ఉండదు. మీ కరెంటు పోతుంది. నా ఉద్యోగమూ పోతుంది."

గదిలో అక్క ఫ్యాను కింద హాయిగా నిద్రపోతోంది. హైమవతిగారు ఆ నిద్ర వైపు చూసి, "ఏం చేద్దామంటారు?" అని అడిగారు.

ఏదో ఒక పచ్చటి ఆకు కావాలి. దగ్గర్లో వీధి మొగలో ఉన్న వేపచెట్టు తప్ప పచ్చగా ఏదీ లేదు. నూకరాజు ఎక్కి ఒక లేత రెమ్మ విరుచుకొచ్చాడు. దాన్ని ఆ ఎండు పుల్లల మధ్య గుచ్చి, దారంతో కట్టి, నీళ్లు చల్లారు.

కమిషనర్‌గారు వచ్చారు. బాజాలు మోగాయి. ఆ రెమ్మ వేపరెమ్మ అని అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. గోడ మీదెక్కిన పిల్లలకు తెలుసు, కెమెరా పట్టుకున్నవాళ్లకు తెలుసు. ఈ గడ్డ మీద పుట్టిన మనిషి కాబట్టి కమిషనర్‌గారికి కూడా తెలుసు. కానీ పక్కనే రంగుల బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'బేసిల్' అని రాసి ఉంది. కింద ఆయన పేరే ఉంది. ఆయన ఒక రెబ్బ తుంచి నోట్లో పెట్టుకుని నమిలారు.

ముఖంలో ఏదో కదిలింది. కళ్లు చెమర్చాయి. ఒక విలేకరి మైకు నోటి దగ్గర పెట్టాడు.

"రుచి ఎలా ఉంది సార్?"

కమిషనర్‌గారు కష్టపడి మింగారు. "అదే... అదే రుచి" అన్నారు. "ఇది మన నేలలో పెరిగింది కాబట్టి ఇంకాస్త ఘాటుగా ఉంది."

అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత విభాగంలో పెద్ద చర్చ జరిగింది. కమిషనర్‌గారు కెమెరాల ముందు తిన్నది బేసిల్ కాదని అనడానికి వీల్లేదు. కాబట్టి బేసిల్ నిర్వచనాన్నే సవరించారు. 'పై విషయములను పురస్కరించుకొని, ఈ పట్టణ పరిధిలో వేప అని వ్యవహరింపబడు వృక్షమును ఇకమీదట బేసిల్‌గా పరిగణించవలెను' అని ఉత్తర్వు వచ్చింది. వేపచెట్టు లేని వీధి మా ఊళ్లో లేదు. ఒక్క దెబ్బతో పథకం నూటికి నూరు శాతం విజయవంతమైంది. కమిషనర్‌గారికి రాజధానిలో శాలువా కప్పారు. చిదంబరేశ్వరరావుగారికి పదోన్నతి వచ్చింది.

ఉత్సాహం చల్లారాక ఎవరికో గుర్తొచ్చింది, బేసిల్‌కు అనుమతి రెండంతస్తుల వరకేనని.

రంపాలు ఊళ్లోకి దిగాయి. ముందు బడి ఆవరణలోవి, తర్వాత ఆసుపత్రి ఎదుటివి, తర్వాత వీధి వీధినా. కాలువ గట్టు వీధి మొగలో చెట్టు దగ్గరికి వచ్చినప్పుడు హైమవతిగారు వెళ్లి మొదలుకు వీపానించి నిలబడ్డారు.

"ఇది వేపచెట్టు నూకరాజూ. నేను పుట్టకముందు నుంచీ ఉంది. నీకు తెలీదూ?"

నూకరాజు తల దించుకున్నాడు. "ఎందుకు తెలీదండి. మా అమ్మ నాకు అమ్మవారు పోసినప్పుడు దీని మండలతోనే పక్కేసింది. కానీ పైన రాసుకున్నది బేసిలండి. తప్పుకోండమ్మా, కొమ్మ మీద పడద్ది."

ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి ఆవిడను మర్యాదగా పక్కకు తప్పించారు. సాయంత్రానికి చెట్టు ఉన్న చోట రెండు నిలువుల మోడు మిగిలింది. కాకులు చీకటి పడేదాకా ఆ పైన తిరుగుతూనే ఉన్నాయి. ఆ ఏడు ఎండలు ఆలస్యంగా తగ్గాయి. నీడ పోయిన వీధిలోంచి వేడిగాలి గదిలోకి తిన్నగా కొట్టేది. ఫ్యాను ఆ వేడినే తిప్పి తిప్పి భ్రమరాంబగారి మీద పోసేది. బజారులో అయిదంతస్తుల సముదాయం మాత్రం రంగులేసుకుని తెరుచుకుంది. దాని ప్రారంభోత్సవానికి కమిషనర్‌గారే వచ్చి రిబ్బను కత్తిరించారు.

తొలకరి పడ్డాక, ఎవరూ చల్లకుండానే, ఎండిన మొక్క రాల్చిన గింజలన్నీ లేచాయి. గోడ వారన, నూతి గట్టు పక్కన, స్తంభం మొదట్లో, ఎక్కడ చూసినా జంట ఆకులే. చూస్తుండగానే గుబురు కట్టాయి. భ్రమరాంబగారు గొట్టం పట్టుకుని నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి, ఒక్కో కంకీ తుంచడం మొదలుపెట్టారు.

అదే సమయంలో గేటు దగ్గర నూకరాజు చేతిలో టేపుతో నిలబడి ఉన్నాడు. వేపమోళ్లు మళ్లీ చిగిర్చాయేమో చూసి రమ్మని పంపారట. లోపలికొచ్చి, ఆగి, గాలి పీల్చాడు.

"ఏం మొక్కలండియ్యి? మంచి వాసనొత్తంది."

హైమవతిగారు అక్క వైపు చూడలేదు.

"పిచ్చిమొక్కలు నాయనా. వానలకి లేచాయి."

నూకరాజు కాసేపు వాటినే చూశాడు. గిల్లి గిల్లి ఆ ఆకు వాసన ఎండాకాలమంతా అతని వేళ్లకు అంటుకునే ఉంది. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"పిచ్చిమొక్కలు మా సెక్షను కాదులెండి" అని గేటు మూసి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి వీధిలో ఎవరైనా వచ్చి గింజలడిగితే, హైమవతిగారు కాదనకుండా గుప్పెడు తీసి చేతిలో పోస్తారు. పైపైన చల్లి, చిటికెడు మట్టి దులిపి, నీళ్లు చిలకరించమంటారు. దాని పేరు మాత్రం ఎవరితోనూ అనవద్దని మరీ మరీ చెప్పి పంపుతారు.